ఎనిమిది ఊళ్లలో నాలుగు తీసేయండి, సగం టెన్షన్ తీరుతుంది

ప్రశ్న: మేం ముగ్గురం. నేను, మావారు, 68 ఏళ్ల మా అత్తయ్య. వచ్చే సెప్టెంబర్‌లో పదిహేను రోజులు యూరప్ చూడాలని చాలాకాలంగా డబ్బు దాచుకుంటున్నాం. గ్రూప్ టూర్‌లో వెళ్లొచ్చిన మా ఆడపడుచు, బస్సు దిగడం, ఫొటో దిగడం, మళ్లీ బస్సెక్కడం తప్ప ఏమీ గుర్తులేదంది. అందుకే సొంతంగా వెళ్దామనుకున్నాం. పారిస్, ఆమ్‌స్టర్‌డామ్, ప్రాగ్, వియన్నా, స్విట్జర్లాండ్, వెనిస్, ఫ్లోరెన్స్, రోమ్ చూడాలని లిస్టు రాసుకున్నాం. అన్నీ రైల్లోనే. మావారిది ఒకటే భయం: భాష రాని దేశంలో రైలు తప్పితే ఏం చేస్తాం? యూరెయిల్ పాస్ కొంటే ఏ రైలైనా ఎక్కేయొచ్చంటున్నారు, నిజమేనా? మూడు పెద్ద సూట్‌కేసులతో రైళ్లెక్కగలమా? అత్తయ్యకు మోకాళ్ల నొప్పులు. ఆవిడ కోరిక మాత్రం ఒక్కటే, మంచు కొండల్లో వెళ్లే బెర్నినా ఎక్స్‌ప్రెస్ ఎక్కాలని. ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పండి.
– ఒక పాఠకురాలు

సమాధానం: మీవారి ప్రశ్నతోనే మొదలుపెడతాను. మిగతా వాటికి దారి అక్కడి నుంచే దొరుకుతుంది.

రైలు తప్పితే ఎంత నష్టమనేది మీరు వేసుకున్న ప్లాన్‌ని బట్టి ఉంటుంది. పదిహేను రోజుల్లో ఎనిమిది ఊళ్లంటే ఏడుసార్లు మూటాముల్లె సర్దుకుని కదలాలి. అందులో ఒక్క రైలు తప్పినా ఆ రాత్రి హోటల్, మర్నాటి మ్యూజియం టికెట్, ఆపై రోజు రైలు ఒకదాని వెంట ఒకటి తారుమారవుతాయి. నాలుగు ఊళ్ల ప్లాన్‌లో అదే రైలు తప్పితే ఒక సాయంత్రం పోతుంది. హోటల్ గది ఎక్కడికీ పోదు, మర్నాడు కూడా మీరు ఆ ఊళ్లోనే ఉంటారు. మీవారి భయం సబబైనదే. దానికి మందు ఊళ్ల లిస్టు తగ్గించడం.

ఇంకో సంగతి కూడా చూడండి. టైమ్‌టేబుల్‌లో మూడు గంటలని కనిపించే ప్రయాణం నిజానికి మూడు గంటల్లో అవదు. పొద్దున్నే గది ఖాళీ చేయాలి, సామానుతో స్టేషన్‌కి చేరాలి, రైలు దిగాక కొత్త ఊళ్లో హోటల్ వెతుక్కోవాలి. గది మధ్యాహ్నం దాటితే గానీ ఇవ్వరు. ఊరు మారిన ప్రతిసారీ పగటిలో సగం ఇలాగే కరిగిపోతుంది. ఏడుసార్లు మారితే మూడున్నర రోజులు. విమానం దిగిన రోజు, తిరిగి ఎక్కే రోజు వీటికి అదనం. ప్రాగ్ నుంచి స్విట్జర్లాండ్‌కి రైల్లో వెళ్లాలంటే ఒక పగలంతా అందులోనే గడుస్తుంది. మీ ఆడపడుచు బస్సులో పడ్డ అవస్థే మీరు రైల్లో పడతారు.

నేనైతే ఇలా వేస్తాను. పారిస్‌లో విమానం దిగి నాలుగు రాత్రులు. అక్కడి నుంచి రైల్లో స్విట్జర్లాండ్‌లోని లూసెర్న్‌కి, అక్కడ నాలుగు రాత్రులు. తర్వాత బెర్నినా లైన్ మీదుగా కొండలు దాటి ఇటలీ సరిహద్దులోని టిరానో అనే చిన్న ఊరికి, అక్కడ ఒక్క రాత్రి మజిలీ. మర్నాడు మిలాన్ మీదుగా రోమ్‌కి, అక్కడ ఐదు రాత్రులు. తిరుగు విమానం రోమ్ నుంచే. ఫ్లోరెన్స్‌కి విడిగా హోటల్ అక్కర్లేదు. రోమ్ నుంచి వేగం రైల్లో గంటన్నర, పొద్దున వెళ్లి రాత్రికి వచ్చేయొచ్చు. వెళ్లేది ఒక ఊరికి, తిరిగొచ్చేది ఇంకో ఊరి నుంచి అయితే విమాన టికెట్ ఖరీదు విపరీతంగా పెరుగుతుందని చాలామంది అనుకుంటారు. విమాన సైట్లలో ‘మల్టీ సిటీ’ అనే చోట వెతికి చూడండి, చాలాసార్లు రానుపోను టికెట్‌కి దగ్గరగానే ఉంటుంది. పారిస్‌కి వెనక్కి రావడానికి పెట్టే ఒక రోజు, ఒక రైలు ఖర్చు మిగులుతాయి.

ఆమ్‌స్టర్‌డామ్, వెనిస్ వదిలేయమంటున్నానని బాధపడకండి. వెనిస్, వియన్నా, ప్రాగ్ కలిపితే అదో చక్కటి ప్రయాణం, దానికి వేరే ఏడాది ఉంది. ఈసారి మీ అత్తగారు అడిగింది ఒక్కటే. ముందు అది తీరాలి, మిగతావి దాని చుట్టూ సర్దుకోవాలి. ఏ కుటుంబం ప్రయాణం ప్లాన్ చేసినా నేనిదే చెప్తాను: ప్రతి ఒక్కరినీ ఒక్క కోరిక అడగండి, వాటి చుట్టూ దారి వేయండి. అందరికీ తెలిసిన పేర్లన్నీ పోగేసి దారి వేస్తే ఆ దారి ఎవరిదీ కాకుండా పోతుంది.

ఇంతకీ వీసా. షెంజెన్ అనే యూరప్ దేశాల కూటమి అంతటికీ కలిపి ఒకే వీసా ఇస్తారు. దానికోసం మీరు ఎక్కువ రోజులుండే దేశానికి దరఖాస్తు చేయాలి. ఈ ప్లాన్‌లో ఫ్రాన్స్‌లో నాలుగు రాత్రులు, స్విట్జర్లాండ్‌లో నాలుగు, ఇటలీలో ఆరు. కాబట్టి మొదట దిగేది పారిస్‌లోనే అయినా దరఖాస్తు ఇటలీకి వెళ్తుంది. స్విట్జర్లాండ్ యూరోపియన్ యూనియన్ (ఈయూ)లో లేకపోయినా షెంజెన్‌లో ఉంది, ఆ వీసాయే చాలు. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు తీసుకుంటారు. కనీసం 30,000 యూరోల వైద్య ఖర్చులకు సరిపడే ప్రయాణ బీమా ఉండాలి. ఎవరైనా లండన్ కూడా కలపమని సలహా ఇస్తే వినకండి. దానికి వీసా వేరే, అక్కడికి వెళ్లే రైలు యూరోస్టార్ ఎక్కే ముందు పాస్‌పోర్ట్ తనిఖీ వేరే.

ఇక యూరెయిల్ పాస్. యూరప్ బయట నివసించేవాళ్ల కోసం ఉన్న పాస్ ఇది, 33 దేశాల్లో చెల్లుతుంది, 60 ఏళ్లు దాటినవాళ్లకు తగ్గింపు కూడా ఉంది. కానీ ‘ఏ రైలైనా ఎక్కేయొచ్చు’ అనేది సగం నిజమే. జర్మనీ, ఆస్ట్రియా, స్విట్జర్లాండ్‌లలో చాలా రైళ్లు నేరుగా ఎక్కి కూర్చోవచ్చు. ఫ్రాన్స్‌లో టీజీవీలనే వేగం రైళ్లు, ఇటలీ వేగం రైళ్లు, యూరోస్టార్, రాత్రి రైళ్లకు మాత్రం పాస్ ఉన్నా సీటు రిజర్వేషన్ తప్పనిసరి, దానికి విడిగా డబ్బు కట్టాలి. పైగా ఫ్రాన్స్ నుంచి స్విట్జర్లాండ్ వెళ్లే టీజీవీ లిరియా లాంటి రైళ్లలో పాస్ ఉన్నవాళ్లకు కేటాయించే సీట్లు పరిమితం. అవి అయిపోతే రైల్లో ఖాళీ ఉన్నా మీకు చోటుండదు.

మీ ప్రయాణంలో పెద్ద రైలు మార్పులు మూడే. అలాంటప్పుడు ఆ పాస్ దండగ. ఎప్పుడు ఎటు వెళ్తారో ముందుగా తేల్చుకోకుండా, జర్మనీ, ఆస్ట్రియా లాంటి చోట్ల రెండు మూడు వారాలు రోజూ తిరిగేవాళ్లకు అది బంగారం లాంటిది. పాస్ అనగానే చవక అనుకునే అలవాటు మానుకోవాలి. జపాన్‌లో ఏమైందో చూడండి. అక్కడి ఏడు రోజుల రైలు పాస్ ధరని 2023 అక్టోబర్‌లో 29,650 యెన్‌ల నుంచి 50,000 యెన్‌లకు పెంచారు. టోక్యో నుంచి క్యోటోకి షింకన్‌సెన్ అనే బుల్లెట్ రైల్లో వెళ్లి రావడానికి విడి టికెట్లు కొంటే 30,000 యెన్‌ల లోపే అయిపోతుంది. అయినా పాత లెక్కలు నమ్మి పాస్ కొంటున్నవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఏ దేశమైనా సరే, మీరెక్కబోయే రైళ్లు కాగితం మీద రాసుకుని, ఒక్కో టికెట్ ధర పక్కన వేసి కూడండి. పాస్ ధర అంతకన్నా తక్కువైతేనే కొనండి.

స్విట్జర్లాండ్‌లో మాత్రం మీ లెక్క పాస్ వైపే మొగ్గుతుంది. స్విస్ ట్రావెల్ పాస్ 3, 4, 6, 8, 15 రోజులకు దొరుకుతుంది. రైళ్లు, బస్సులు, సరస్సుల్లో తిరిగే పడవలు, ఊళ్లలో ట్రామ్‌లు, చాలా మ్యూజియాలు అన్నీ అందులోనే. పారిస్ నుంచి లూసెర్న్ వచ్చే రోజుకి మీ చేతిలో ఎలాగూ విడి టికెట్ ఉంటుంది. మర్నాటి నుంచి టిరానో చేరే రోజు దాకా సరిగ్గా నాలుగు రోజులు, నాలుగు రోజుల పాస్ అతికినట్టు సరిపోతుంది. లూసెర్న్‌లో పడవెక్కి విట్స్‌నౌ అనే రేవులో దిగితే ఎదురుగానే రిగి కొండ మీదికి పళ్ల పట్టాల రైలు (పట్టాల మధ్య పళ్లున్న కడ్డీని పళ్లచక్రంతో పట్టుకుంటూ ఎక్కేది) ఉంటుంది. 1871లో మొదలైన ఈ లైన్ యూరప్‌లో మొట్టమొదటి పళ్ల పట్టాల కొండ రైలు. పడవ, రైలు రెండూ ఈ పాస్‌లోనే వస్తాయి. కొండ చివరి స్టేషన్ దాకా రైలే తీసుకెళ్తుంది కాబట్టి మీ అత్తగారు మోకాళ్లకు పని చెప్పకుండా చుట్టూ ఉన్న శిఖరాలన్నీ చూడొచ్చు. రైలు వెళ్లే మంచు కనుమ యూంగ్‌ఫ్రావ్ యోహ్‌కి కూడా వెళ్దామని మీకనిపించొచ్చు. అది 3,454 మీటర్ల ఎత్తు, పాస్ మీద పూర్తి ఉచితం కాదు, టికెట్ ఖరీదెక్కువ, లూసెర్న్ నుంచి ఒక రోజంతా పడుతుంది. పెద్దవయసువాళ్లు అంత ఎత్తుకి వెళ్లే ముందు డాక్టర్‌ని అడగాలి. నా మాట వింటే రిగి చాలు.

బెర్నినా గురించి కాస్త వివరంగా చెప్తాను, ఎందుకంటే ఇక్కడే చాలామంది డబ్బు, ఓపిక రెండూ పోగొట్టుకుంటారు. బెర్నినా ఎక్స్‌ప్రెస్ అనేది పైకప్పు దాకా అద్దాలున్న పెట్టెలతో నడిచే రైలు. దానికి పాస్ ఉన్నా సీటు రిజర్వేషన్ రుసుము కట్టాల్సిందే, సీజన్‌లో సీట్లు త్వరగా అయిపోతాయి. సీటు దొరకలేదని ఆ దారే మానుకున్నవాళ్లున్నారు. అయ్యో, అదే పట్టాల మీద, అవే వంతెనల మీదుగా మామూలు రైళ్లు దాదాపు గంటకొకటి నడుస్తాయి! వాటికి రిజర్వేషన్ అక్కర్లేదు, స్విస్ పాస్ టిరానో దాకా చెల్లుతుంది. అద్దాల రైల్లో కిటికీలు తెరుచుకోవు. మామూలు రైళ్లలో కొన్ని పెట్టెల్లో కిటికీ దించి చల్లగాలి పీల్చుకుంటూ ఫొటోలు తీసుకోవచ్చు, అద్దం మీద మెరుపు పడే గొడవ ఉండదు. మీ ముగ్గురికీ నా ఓటు మామూలు రైలుకే.

దారి ఇలా ఉంటుంది. పొద్దున్నే లూసెర్న్‌లో బయలుదేరి, మధ్యలో ఒకచోట రైలు మారి కూర్ అనే ఊరు చేరతారు. కూర్ నుంచి సెయింట్ మోరిట్జ్‌కి ఎర్ర రంగు చిన్న రైలు, రెండు గంటల ప్రయాణం. రైలు వెళ్లే దిశలో కుడివైపు కూర్చోండి. ఫిలిజూర్ స్టేషన్ ముందు లాండ్‌వాసర్ వంతెన వస్తుంది. 65 మీటర్ల ఎత్తు రాతి స్తంభాల మీద వంపు తిరిగి, తిన్నగా ఎదుటి కొండ గోడలోని సొరంగంలోకి దూరిపోతుంది. వంపు కాబట్టి మీ పెట్టె వంతెన మీదికి రాకముందే ముందు పెట్టెలు సొరంగంలోకి వెళ్లడం కనిపిస్తుంది. సెయింట్ మోరిట్జ్‌లో దిగి గంటసేపు కాళ్లు చాపుకుని ఏదైనా తినండి, తర్వాత టిరానో రైలు ఎక్కండి. 2,253 మీటర్ల ఎత్తున ఓస్పిజియో బెర్నినా స్టేషన్, పక్కనే తెల్లటి నీళ్ల సరస్సు. అక్కడి నుంచి 429 మీటర్ల ఎత్తున ఉన్న టిరానోకి పళ్ల పట్టాల సాయం లేకుండానే మలుపులు తిరుగుతూ దిగుతుంది. చివర్లో బ్రూసియో దగ్గర రాతి వంతెన గుండ్రంగా చుట్టు తిరిగి తన కిందనుంచే తను వెళ్తుంది. ఈ లైన్‌ని 2008లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. రైలు టిరానో ఊళ్లోకి వచ్చాక రోడ్డు మీదే, చర్చి పక్కనుంచి నడుస్తుంది. మొత్తం మీద ఏడు గంటల పైచిలుకు పడుతుంది. అందుకే ఆ రాత్రి అక్కడే ఉండమన్నాను. అదే రోజు మిలాన్, రోమ్ అని పరుగెడితే చూసిందంతా అలసటలో కొట్టుకుపోతుంది. ఈ రోజు మొత్తంలో ఏ రైలు తప్పినా నష్టం ఒక గంటే, ఈ మాట మీవారికి చదివి వినిపించండి.

మిగతా రైళ్ల సంగతి అలా కాదు. యూరప్‌లో టికెట్లు స్థూలంగా రెండు రకాలు. ప్రాంతీయ రైళ్లకు ధర ఎప్పుడూ ఒకటే, సీటు నంబర్ ఉండదు, ముందుగా కొన్నందువల్ల లాభమేమీ లేదు. దూరం వెళ్లే వేగం రైళ్లకు విమాన టికెట్లలాగే ధర మారుతుంది. మూడు నాలుగు నెలల ముందు కొంటే చాలా చవక, ముందురోజు కొంటే రెండు మూడింతలు కూడా కావచ్చు. చవక టికెట్ ఆ ఒక్క రైలుకే చెల్లుతుంది. మీ పొరపాటు వల్ల రైలు తప్పితే ఆ డబ్బు పోయినట్టే, అప్పటి ధరకి కొత్త టికెట్ కొని తర్వాతి రైల్లో వెళ్లాలి. అంతకు మించి జరిగేదేమీ లేదు. ఎవరూ పట్టుకోరు, గొడవ చేయరు. మిలాన్‌లో గానీ రోమ్‌లో గానీ తర్వాతి వేగం రైలు గంట లోపే ఉంటుంది. పాత టికెట్‌తో కొత్త రైలెక్కి కూర్చుంటే మాత్రం జరిమానా పడుతుంది. ఆ పని చేయకండి.

రైలే ఆలస్యమై మీకు రెండో రైలు అందకపోతే లెక్క మారుతుంది. రెండు రైళ్లూ ఒకే టికెట్‌గా కొని ఉంటే, ఈయూ నిబంధనల ప్రకారం మిమ్మల్ని గమ్యం చేర్చే బాధ్యత రైల్వేదే. గమ్యం చేరడం గంట దాటి ఆలస్యమైతే టికెట్ ధరలో 25 శాతం, రెండు గంటలు దాటితే 50 శాతం పరిహారం అడగొచ్చు. రెండు టికెట్లు విడివిడిగా కొంటే ఈ రక్షణ ఉండదు. అందుకే పారిస్ నుంచి స్విస్ సరిహద్దు ఊరు బాసెల్ మీదుగా లూసెర్న్ దాకా ఒకే టికెట్‌గా కొనండి. టిరానో నుంచి మిలాన్ ప్రాంతీయ రైలు, మిలాన్ నుంచి రోమ్ వేగం రైలు ఎలాగూ విడి టికెట్లే. కాబట్టి మిలాన్‌లో కనీసం గంటన్నర ఖాళీ పెట్టుకోండి. యూరప్ రైళ్లు గడియారంలా నడుస్తాయనే మాట స్విట్జర్లాండ్ వరకు చాలామటుకు నిజమే. జర్మనీలో 2024లో దూరప్రయాణ రైళ్లలో సమయానికి చేరినవి 62.5 శాతమే, అదీ ఆరు నిమిషాల లోపు ఆలస్యాన్ని సమయం కిందే లెక్కేస్తే. పది నిమిషాల్లో మరో రైలు అందుకోవచ్చని యాప్ చూపించినా పెద్దవాళ్లు వెంట ఉన్నప్పుడు ఆ తర్వాతి రైలే తీసుకోండి.

ఇటలీలో సమ్మెలు మామూలే, కానీ ముందుగా ప్రకటిస్తారు. ప్రయాణానికి వారం ముందు ఒకసారి రైల్వే సైట్ చూసుకోండి. సమ్మె రోజైనా పనిదినాల్లో ఉదయం 6 నుంచి 9, సాయంత్రం 6 నుంచి 9 మధ్య ప్రాంతీయ రైళ్లు కొన్ని తప్పక నడపాలని అక్కడ నియమం.

స్టేషన్‌లో తికమక పడకుండా ఉండాలంటే ఒక్క పద్ధతి అలవాటు చేసుకోండి: ఊరి పేరు కాదు, రైలు నంబర్ వెతకండి. రోమ్ టెర్మినీ స్టేషన్‌లో మీరు ఫ్లోరెన్స్ టికెట్ పట్టుకుని బోర్డు కింద నిలబడ్డారనుకోండి. బోర్డు మీద ఫ్లోరెన్స్ కనిపించకపోవచ్చు. ఎందుకంటే అక్కడ రాసేది చివరి స్టేషన్ పేరు. మీ రైలు మిలాన్ దాకానో వెనిస్ దాకానో వెళ్తుంది, ఫ్లోరెన్స్ మధ్యలో వస్తుంది. టికెట్ మీద ఉన్న రైలు నంబర్‌ని, బయలుదేరే సమయాన్ని బోర్డుతో పోల్చుకోండి, అప్పుడు ప్లాట్‌ఫారం నంబర్ దానంతటదే దొరుకుతుంది. టికెట్లు వెతికేటప్పుడు కూడా ఊళ్ల పేర్లు అక్కడివాళ్లు రాసేలా ఉంటాయి: ఫ్లోరెన్స్‌కి ఫిరెంజె, వెనిస్‌కి వెనెజియా, వియన్నాకి వీన్. ఫ్లోరెన్స్‌లో దిగాల్సింది శాంతా మరియా నొవెల్లా స్టేషన్‌లో. గోడ మీద అంటించే టైమ్‌టేబుల్ పోస్టర్లు స్విట్జర్లాండ్‌లో, ఇటలీలో రెండు రంగుల్లో ఉంటాయి. పసుపు రంగుది బయలుదేరే రైళ్లది, తెల్లది వచ్చే రైళ్లది. హడావిడిలో తెల్లది చదివి తప్పు ప్లాట్‌ఫారానికి పరుగెత్తేవాళ్లు రోజూ కనిపిస్తారు.

పారిస్‌లో పెద్ద స్టేషన్లు అరడజను, ఒక్కోటి ఒక్కో దిక్కుకి. స్విట్జర్లాండ్ వెళ్లే మీ రైలు గార్ ద లియోన్ నుంచి. అక్కడ ప్లాట్‌ఫారం నంబర్ ఇరవై నిమిషాల ముందు గానీ చెప్పరు. హాల్ 1లో ప్లాట్‌ఫారాలకు అక్షరాలు, హాల్ 2లో అంకెలు. బోర్డు చూసేదాకా ఒకచోట నిలబడి ఉండండి, చూశాక కదలండి. టీజీవీ బయలుదేరడానికి రెండు నిమిషాల ముందే ఎక్కనివ్వడం ఆపేస్తారు. ప్లాట్‌ఫారం పొడుగునా అక్షరాల గుర్తులుంటాయి, మీ బోగీ ఏ అక్షరం దగ్గర ఆగుతుందో తెర మీద చూపిస్తారు. రైలు రాకముందే అక్కడికి నడిచి వెళ్లి నిలబడితే మీ అత్తగారిని పరుగెత్తించే పని ఉండదు. ఆ రైలు రెండంతస్తులది, టికెట్ కొనేటప్పుడే కింది అంతస్తు సీట్లు ఎంచుకోండి.

ఇటలీ ప్రాంతీయ రైలుకి కాగితం టికెట్ కొంటే ప్లాట్‌ఫారం దగ్గర గోడకో స్తంభానికో ఉన్న చిన్న పెట్టెలో దాన్ని దూర్చి తేదీ, సమయం ముద్ర వేయించుకున్నాకే ఎక్కాలి. సిరా పడిందో లేదో వెలుగులో చూసుకోండి. ఫోన్లో కొన్నదైతే ఎక్కే ముందు అందులోనే చెక్-ఇన్ నొక్కాలి. డబ్బు కట్టి టికెట్ కొన్న మనుషులు కూడా ఈ ఒక్కటి తెలియక జరిమానా కడుతుంటారు. పెద్ద స్టేషన్లలో టికెట్ మిషన్ దగ్గర సాయం చేస్తామని వచ్చేవాళ్లని, ఎక్కేటప్పుడు సూట్‌కేస్ అందుకోబోయేవాళ్లని మర్యాదగా వద్దనండి. దొంగతనాలు అక్కడే ఎక్కువ.

సూట్‌కేసుల గురించి గట్టిగా చెప్తున్నాను: మూడు పెద్దవి వద్దు. రైల్లో సామాను ఎక్కించేవాళ్లుండరు. తలుపు దగ్గర మెట్లుంటాయి, మధ్య స్టేషన్లలో రైలు రెండు మూడు నిమిషాలే ఆగుతుంది. మీరు ఒంటిచేత్తో నడుము ఎత్తుకి ఎత్తగలిగినదే మీ పెట్టె సైజు. మీకొకటి, మీవారికొకటి మధ్యరకం పెట్టెలు, అత్తగారికి భుజాన వేసుకునే చిన్న సంచి, అందులో ఆవిడ మందులు, డాక్టర్ చీటీ. ఆ సంచి ఎప్పుడూ ఆవిడ దగ్గరే ఉండాలి. లూసెర్న్‌లో బట్టలు ఉతుక్కునే వీలున్న బస చూసుకుంటే వారం బట్టలతో పదిహేను రోజులూ గడుస్తాయి. మిలాన్‌లో ఖాళీ సమయంలో పెట్టెలు స్టేషన్‌లోనే డబ్బు కట్టి దాచుకోవచ్చు.

మీ అత్తగారికి రైలెక్కడానికి, దిగడానికి సాయం కావాలంటే ఈయూ దేశాల్లో 24 గంటల ముందు రైల్వేకి చెప్తే ఉచితంగా ఏర్పాటు చేస్తారు. చక్రాల కుర్చీ, అవసరమైతే ఎత్తే యంత్రం కూడా ఉంటాయి. స్విస్ రైల్వేకీ ఇలాంటి సేవ ఉంది. నడవగలిగినా సరే, పారిస్‌లోనూ మిలాన్‌లోనూ అడగండి, అందులో మొహమాటపడాల్సిందేమీ లేదు. హోటళ్లు స్టేషన్‌కి పది నిమిషాల నడకలో ఉండేలా, లిఫ్ట్ ఉందని రాతపూర్వకంగా అడిగి తెలుసుకున్నాకే తీసుకోండి. లూసెర్న్‌లోనైతే పడవల రేవు కూడా స్టేషన్ ఎదురుగానే ఉంటుంది.

ఇక ఏది ముందు కొనాలి అంటారా, వీసా చేతికి రాకముందు డబ్బు వెనక్కి రాని టికెట్ ఒక్కటి కూడా కొనకండి. ముందు రద్దు చేసుకునే వీలున్న హోటళ్లు బుక్ చేయండి. మార్చి, ఏప్రిల్ కల్లా వీసా దరఖాస్తు వేయండి. వీసా రాగానే పారిస్–లూసెర్న్, మిలాన్–రోమ్ టికెట్లు కొనేయండి, ధర బాగా పెరిగేది ఈ రెండింటికే. రోమ్–ఫ్లోరెన్స్ రానుపోను టికెట్లు నెల ముందు చాలు, తిరుగు రైలు మాత్రం రాత్రి ఎనిమిది లోపు బయలుదేరేదే తీసుకోండి. రైల్వేల సొంత సైట్లలోనే కొనండి: ఫ్రాన్స్‌కి ఎస్‌ఎన్‌సీఎఫ్ కనెక్ట్, స్విస్‌కి ఎస్‌బీబీ, ఇటలీకి ట్రెనిటాలియా లేదా ఇటాలో. విదేశీ సైట్లలో కార్డు పనిచేసేలా బ్యాంక్ యాప్‌లో అనుమతి ముందే ఆన్ చేసి పెట్టుకోండి. అక్కడికి వెళ్లాక ఓటీపీ పాత సిమ్‌కే వస్తుంది కాబట్టి దాన్ని తీసేయకుండా ఫోన్లోనే ఉంచి, ఇంటర్నెట్‌కి ఈసిమ్ (కార్డు లేకుండా ఫోన్లోనే పనిచేసే సిమ్) వేసుకోండి. ప్రతి టికెట్‌నీ ఇద్దరి ఫోన్లలో స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి, ఒక ప్రింట్ అత్తగారి సంచిలో ఉండనివ్వండి. స్విస్ పాస్ తొందరేం లేదు, బయలుదేరే వారం కొన్నా ధర అదే. టిరానో–మిలాన్ టికెట్ ఆ రోజు పొద్దున స్టేషన్‌లోనే కొనుక్కోవచ్చు.